రైఫిల్ తూటాల రీలోడింగ్: డై కొనేముందు కొలవాల్సినవి

కాల్చిన తూటా కేసులో కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్లీ తూటా చేసుకోవడమే రీలోడింగ్. కాల్చిన రైఫిల్ తూటాలో మళ్లీ పనికొచ్చేది ఇత్తడి కేసు ఒక్కటే. ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) పేలిపోతుంది, మందు కాలిపోతుంది, గుండు గురివైపు వెళ్లిపోతుంది. కేసు మాత్రం లోపలి ఒత్తిడికి ఉబ్బి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడలకు అదుముకుని, ఆ తర్వాత కాస్త ముడుచుకుని, దాదాపు ఛాంబర్ ఆకారంతోనే బయటికి వస్తుంది. .308 విన్‌చెస్టర్ అనే తూటా రకానికి అమెరికా తయారీదారుల ప్రమాణ సంస్థ ‘శామీ’ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంతటి ఒత్తిడికి సాగిన ఇత్తడిని మళ్లీ పనికొచ్చే కొలతకు నొక్కే ఉక్కు అచ్చు సైజింగ్ డై. కొత్త గుండును తిన్నగా, సరైన లోతులో కూర్చోబెట్టేది సీటింగ్ డై. రైఫిల్ డై సెట్ అంటే సాధారణంగా ఈ రెండే.

రీలోడింగ్ మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది ఏ బ్రాండ్ మంచిదని. అంతకన్నా ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది: ఈ రైఫిల్ ఛాంబర్‌లో కేసు ఎంత సాగుతోంది, డై దాన్ని ఎంత వెనక్కి నొక్కుతోంది? ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే చవక డైతో కూడా చక్కటి తూటాలు వస్తాయి. అవి లేకపోతే మూడింతల ధర పెట్టి కొన్న డై కూడా కేసుల్ని నాలుగైదు వాడకాల్లోనే పాడుచేస్తుంది.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. ఇది ప్రధానంగా అమెరికాలో వేళ్లూనుకున్న అభిరుచి. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు తయారుచేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు కావాలి. అక్కడున్న తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల చట్టాలు దీనికి అదనం. భారతదేశంలో 1959 ఆయుధ చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. అందువల్ల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తుపాకీ లైసెన్సు ఉంది కదా అని ఇంట్లో రీలోడింగ్ పెట్టుకోవడం కుదరదు.

ఇక కొలతలు. ఈ పనిలో అన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లోనే నడుస్తాయి. దాన్ని ‘థౌ’ అంటారు. 1 థౌ అంటే 0.0254 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందమే రెండు నుంచి నాలుగు థౌ దాకా ఉంటుందంటే ఎంత సన్నటి లెక్కో తెలుస్తుంది.

భుజం ఎంత వెనక్కి?

.308, 6.5 క్రీడ్‌మూర్, .223 రెమింగ్టన్ లాంటి మెడ సన్నగా ఉండే కేసులన్నీ ఛాంబర్‌లో భుజం మీద, అంటే కేసు ఒళ్లు మెడగా సన్నబడే చోట, ఆగుతాయి. ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ ముఖం నుంచి ఛాంబర్ భుజం మీది నిర్ణీత స్థానం వరకు ఉన్న దూరమే హెడ్‌స్పేస్. .308కి ‘గో’ గేజ్ (దీని మీద బోల్ట్ మూయాలి) 1.630 అంగుళాలు, ‘నో-గో’ (దీని మీద మూయకూడదు) 1.634. అంటే నిక్షేపమైన రెండు రైఫిళ్ల మధ్య కూడా నాలుగు థౌ తేడా ఉండొచ్చు. డై తయారీదారుకు ఎదుటి రైఫిల్ ఏదో తెలియదు. ఏ రైఫిల్‌లోనైనా తూటా పట్టాలి కాబట్టి, డైని పూర్తిగా కిందికి దించితే కేసు అతి చిన్న ఛాంబర్‌లో కూడా పట్టేంతగా నొక్కుకునేలా తయారుచేస్తాడు. పెద్ద ఛాంబర్ ఉన్న రైఫిల్ యజమాని ఆ డైని పెట్టెలోని కాగితంలో రాసినట్టే బిగిస్తే, భుజం అవసరానికి మించి ఆరేడు థౌ వెనక్కి పోవచ్చు.

అలా పోతే జరిగేది ఇదీ. ఫైరింగ్ పిన్ దెబ్బకు కేసు ముందుకు జరుగుతుంది. మందు అంటుకోగానే పలుచటి ముందు భాగం ఛాంబర్ గోడను గట్టిగా పట్టుకుంటుంది. మందపాటి అడుగు భాగం మాత్రం ఖాళీ ఉన్నంత మేర వెనక్కి జరిగి బోల్ట్ ముఖాన్ని తాకుతుంది. ఈ రెంటి మధ్య, అడుగుకు కాస్త పైన, ఇత్తడి సాగి పలుచబడుతుంది. ప్రతి వాడకంలోనూ అదే చోట సాగుతుంది. కొన్నాళ్లకు అక్కడ బయట మెరిసే గీత కనబడుతుంది, ఆ తర్వాత కేసు అక్కడే తెగుతుంది. ముందు ముక్క ఛాంబర్‌లోనే ఉండిపోతుంది. వేడి వాయువు బోల్ట్ పక్కనుంచి ముఖం వైపు తన్నవచ్చు. కళ్లద్దాలు తప్పనిసరి అనడానికి ఇదొక్కటే చాలు. గీత కనబడక ముందే పట్టుకోవాలంటే, సన్నటి తీగ కొనను వంచి పదును చేసి, కేసు లోపల గోడ వెంట అడుగు నుంచి పైకి లాగాలి. పల్లం తగిలితే ఆ కేసును, దానితో పాటు అన్నిసార్లు కాల్చిన మిగతా కేసులను కూడా పక్కన పడేయాలి.

అందుకే డై కన్నా ముందు కొనాల్సింది హెడ్‌స్పేస్ కంపారేటర్. క్యాలిపర్‌కు బిగించే చిన్న అల్యూమినియం ముక్క అది. .308కి, 6.5 క్రీడ్‌మూర్‌కి 0.400 అంగుళాల రంధ్రం, .30-06కి 0.375, .223కి 0.330 వాడతారు. దాంతో వచ్చే అంకె గేజ్ అంకెతో సరిపోనక్కర్లేదు, పోల్చడానికి పనికొస్తే చాలు. అదే రైఫిల్‌లో కాల్చిన నాలుగైదు కేసుల ప్రైమర్లు తీసేసి కొలవాలి. ప్రైమర్ కొద్దిగా పొడుచుకొచ్చి ఉంటే కొలత తప్పు చూపిస్తుంది. కొత్త కేసు మొదటిసారి కాల్చినప్పుడే ఛాంబర్‌ను పూర్తిగా నింపకపోవచ్చు, రెండు మూడు సార్లు పట్టొచ్చు. అందుకని వచ్చిన వాటిలో పెద్ద అంకెను ఆధారంగా తీసుకోవాలి.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఆ అంకె కన్నా భుజాన్ని 1 నుంచి 2 థౌ వెనక్కి జరిపితే చాలు. సెమీ ఆటోమేటిక్‌కు 3 నుంచి 4 థౌ కావాలి. అక్కడ బోల్ట్‌ను మూసేది స్ప్రింగు ఒక్కటే, చెయ్యి సాయం ఉండదు. తూటా బిగుసుకుంటే బోల్ట్ పూర్తిగా మూయకుండానే ఆగిపోతుంది, ఆ స్థితిలో తూటా పేలితే ప్రాణాపాయం.

డైని అమర్చేటప్పుడు చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్‌కు, డైకి మధ్య కొంత ఖాళీ ఉంచి మొదలుపెడతారు. కేసుకు లూబ్ (జారుడు పూత) రాసి నొక్కి కొలిస్తే, భుజం తగ్గకపోగా ముందుకన్నా ఎక్కువ చూపిస్తుంది. డై చెడిపోయిందనుకోనక్కర్లేదు. డై ముందుగా కేసు ఒంటిని పక్కల నుంచి పిండుతుంది, ఆ ఇత్తడి భుజాన్ని పైకి తోస్తుంది. డై భుజం కేసు భుజాన్ని తాకేదాకా ఇది పెరుగుతూనే ఉంటుంది, అక్కడి నుంచి తగ్గడం మొదలవుతుంది. సగంలో ఆపేస్తే కేసు కాల్చినప్పటి కన్నా పొడవుగా ఉండి బోల్ట్ మూయదు.

రైఫిల్ డైల మరలు 7/8-14 కొలతవి, అంటే అంగుళానికి 14 చుట్లు. ఒక పూర్తి చుట్టు తిప్పితే డై 71 థౌ కదులుతుంది. ఎనిమిదో వంతు చుట్టంటే సుమారు 9 థౌ, 1 థౌ కావాలంటే 5 డిగ్రీలు. ‘కొంచెం తిప్పు’ అనే మాట ఇక్కడ ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది. డై మీద, ప్రెస్ (డైని బిగించి పిడితో నొక్కే పరికరం) మీద మార్కర్‌తో గీతలు పెట్టుకుని, ఆ గీతల మధ్య దూరాన్ని బట్టి తిప్పుకోవాలి. చివరి దశలో ఇంకా సన్నటి సవరణ కావాలనుకుంటే రెడింగ్ వారి కాంపిటీషన్ షెల్ హోల్డర్లు ఉన్నాయి. ఇవి ఐదు ఉంటాయి, మామూలు దాని కన్నా 2, 4, 6, 8, 10 థౌ ఎక్కువ ఎత్తుతో. డైని షెల్ హోల్డర్‌కు గట్టిగా తాకేలా బిగించి ఉంచి, షెల్ హోల్డర్ మారుస్తూ కావాల్సిన కొలతకు రావచ్చు. డై ప్రతిసారీ గట్టిగా తాకుతుంది కాబట్టి ప్రెస్ వంగే తేడా కూడా కొలతల్లోకి రాదు.

అంకెలు నమ్మకం కలిగించకపోతే ఛాంబర్‌నే అడగొచ్చు. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్ మెకానిజాన్ని, ఎజెక్టర్‌ను (కేసును బయటికి తోసే భాగాన్ని) తీసేసి, సైజు చేసిన ఖాళీ కేసును పెట్టి బోల్ట్ మూయాలి. పిడి తన బరువుకే కిందికి జారితే భుజం సరిగ్గా ఉన్నట్టు.

ఫుల్ లెంగ్త్, నెక్, బాడీ, స్మాల్ బేస్

కొన్ని దశాబ్దాల కిందట గురి పోటీల వాళ్లలో చాలామంది మెడను మాత్రమే సైజు చేసేవారు. కేసు ఒళ్లు ఛాంబర్‌కు సరిగ్గా సరిపోయి ఉంది కదా, దాన్ని ముట్టుకోవడమెందుకన్నది వారి వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కాల్చిన ప్రతిసారీ కేసు కొంచెం కొంచెం పెరుగుతూ, మూడు నాలుగు వాడకాలయ్యేసరికి బోల్ట్ బిగుసుకోవడం మొదలవుతుంది. అప్పుడు ఎలాగూ ఒంటిని, భుజాన్ని, మెడను కలిపి నొక్కే ఫుల్ లెంగ్త్ డై కావాలి. పైగా ఒక్కో కేసు ఒక్కోలా బిగుసుకుంటే రైఫిల్ ఒకేలా కాల్చదు. ఇవాళ బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే గురి పోటీ) వాళ్లతో సహా పోటీల్లో ఎక్కువమంది ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ డైతోనే, భుజాన్ని 1-2 థౌ మాత్రమే జరుపుతూ సైజు చేస్తున్నారు. మొదటి డైగా కొనాల్సింది కచ్చితంగా అదే. సెమీ ఆటోమేటిక్‌కు మెడ మాత్రమే సైజు చేయడమనేది అసలు ఆలోచించకూడని దారి.

బాడీ డై ఒంటిని, భుజాన్ని నొక్కుతుంది, మెడను ముట్టుకోదు. మెడకు వేరే పద్ధతి ఎంచుకున్నవారికి అది జతగా పనికొస్తుంది. స్మాల్ బేస్ డై అడుగు దగ్గర మామూలు దాని కన్నా కాస్త ఎక్కువ నొక్కుతుంది. షూటింగ్ రేంజ్‌లో ఏరుకున్న, ఎవరి రైఫిల్‌లోనో కాల్చిన కేసులను సెమీ ఆటోమేటిక్‌లో వాడాలనుకుంటే అది అక్కరకొస్తుంది. మెషిన్‌గన్‌లో కాల్చిన సైనిక కేసులైతే మరీను. సొంత బోల్ట్ రైఫిల్‌కు మాత్రం అది కేసును ఊరకే అలసిపోయేలా చేయడమే.

అడుగు దగ్గర తక్కువ నొక్కడం కూడా సమస్యే. భుజం సరిగ్గా ఉన్నా, బోల్ట్ తెరిచేటప్పుడు పిడి పైకి చేరిన చోట ‘టిక్’ మని బిగుసుకుని వదిలితే, కారణం చాలాసార్లు అడుగు భాగమే. ఛాంబర్‌కు, డైకి అక్కడ దాదాపు ఒకే కొలత ఉంటే ఇలా జరుగుతుంది. కాల్చిన కేసును, సైజు చేసిన కేసును అడుగు నుంచి 0.200 అంగుళాల ఎత్తులో మైక్రోమీటర్‌తో కొలిచి చూస్తే బయటపడుతుంది. ఒకటిన్నర, రెండు థౌ తేడా ఉంటే నిశ్చింత. అర థౌ కూడా లేకపోతే డై మార్చాలి. అయితే ఒకే జాగ్రత్త: బిగుసుకోవడానికి ఎక్కువ ఒత్తిడి కూడా కారణం కావచ్చు. ప్రైమర్ చదునైపోవడం, కేసు అడుగున ఎజెక్టర్ ముద్ర పడటం లాంటి గుర్తులుంటే తప్పు డైది కాదు, మందుది. అక్కడ ఆగి, ప్రచురిత లోడ్ (మందు కొలతల) పట్టికలో కనీస పరిమాణానికి దిగిపోవాలి.

మెడ దగ్గరే అసలు తేడాలు

ఒక డైకీ ఇంకో డైకీ ధరలో తేడా వచ్చేది ఎక్కువగా మెడను ఎలా సైజు చేస్తాయన్న దాన్ని బట్టే.

మామూలు ఫుల్ లెంగ్త్ డైలో మెడను ముందు బాగా సన్నగా నొక్కి, కేసు వెనక్కి వచ్చేటప్పుడు లోపలి నుంచి ఎక్స్‌పాండర్ బటన్‌ను లాగి వెడల్పు చేస్తారు. ఎంత మందం మెడైనా, ఎవరి కేసైనా చివరికి లోపలి కొలత ఒకటే వస్తుంది. ఈ డైల బలం అదే. దీని ధర ఏమిటంటే, ఇత్తడి ప్రతిసారీ అవసరానికి మించి నలిగి గట్టిపడుతుంది, మెడ చీలే రోజు ముందుకొస్తుంది. ఇంకో సంగతి, బటన్ బయటికి వచ్చేటప్పుడు మెడ లోపల లూబ్ లేకపోతే అది కీచుమంటూ మెడను ఒక పక్కకు లాగేస్తుంది. తూటాను రనౌట్ (గుండు వంకర) కొలిచే గేజ్ మీద తిప్పి చూసినప్పుడు గుండు ఊగుతుంటే మొదట అనుమానించాల్సింది ఈ బటన్‌నే. మెడ లోపల పొడి గ్రాఫైట్ గానీ మైకా గానీ బ్రష్‌తో రాస్తే చాలావరకు తగ్గుతుంది. ఫోర్‌స్టర్ డైలలో బటన్‌ను పైకి, మెడకు దగ్గరగా పెడతారు. కేసు ఒళ్లు ఇంకా డై పట్టులో ఉండగానే మెడ బటన్ మీదుగా దాటుతుంది కాబట్టి వంకర పోదు. ఈ చిన్న మార్పు వల్ల ఆ డై తన ధరకు మించి పనిచేస్తుంది.

బుషింగ్ డైలో మెడను నొక్కే భాగం మార్చుకోగల ఉక్కు ఉంగరం. ఈ బుషింగులు 1 థౌ తేడాతో దొరుకుతాయి. ఏది కొనాలో తేల్చడం తేలిక: గుండు కూర్చోబెట్టిన తూటా మెడను బయట కొలిచి అందులోంచి 2 నుంచి 3 థౌ తీసేయాలి. ఉదాహరణకు .308 గుండు, మెడ గోడ 14 థౌ ఉంటే తూటా మెడ 0.308 + 0.028 = 0.336 అంగుళాలు, కావాల్సిన బుషింగ్ 0.334 లేదా 0.333. 6.5 క్రీడ్‌మూర్‌లో గుండు 0.264, గోడ అదే మందమైతే మెడ 0.292, బుషింగ్ 0.290 లేదా 0.289. కేసు బ్రాండ్ మారితే గోడ మందం మారుతుంది, బుషింగూ మార్చాలి. నాలుగు రకాల కేసులు కలిపి వాడేవాళ్లకు ఇది సరిపడదు. మెడ గోడ అన్ని వైపులా ఒకే మందంలో లేకపోతే కూడా కష్టమే. బుషింగ్ బయటి నుంచి గుండ్రంగా నొక్కుతుంది, మందంలోని హెచ్చుతగ్గులన్నీ లోపలికి, గుండు మీదికి వస్తాయి. ఎక్స్‌పాండర్ అయితే అదే లోపాన్ని బయటికి నెడుతుంది. ఇంకా, బుషింగ్ మెడ చివరిదాకా దిగదు, భుజానికి ఆనుకున్న కొద్ది భాగం సైజు కాకుండా మిగులుతుంది. గుండు అంత లోతుకు పోకపోతే దానితో ఇబ్బంది లేదు. బుషింగ్‌ను పట్టి ఉంచే మరను పూర్తిగా బిగించకుండా, చెవి దగ్గర డైని ఊపితే ఉంగరం కొద్దిగా కదిలిన చప్పుడు వినబడేంత వదులు ఉంచాలి. అప్పుడే అది మెడకు తగ్గట్టు సర్దుకుంటుంది.

లీ కొలెట్ నెక్ డై పద్ధతి వేరు. మెడలోకి ఒక కడ్డీ వెళ్తుంది, బయటి నుంచి నాలుగు చీలికల పట్టు మెడను ఆ కడ్డీకేసి నొక్కుతుంది. ఏదీ రాసుకుంటూ జారదు కాబట్టి లూబ్ అక్కర్లేదు, మెడ సాగదు, తిన్నగా వస్తుంది. చవక డైలలో ఇంత మంచి మెడను ఇచ్చేది ఇంకోటి లేదు. చిక్కల్లా ప్రెస్ పిడి మీద బలం ప్రతిసారీ ఒకేలా పెట్టడంలోనే. తక్కువ నొక్కితే గుండు వదులుగా ఉంటుంది. మితిమీరి నొక్కితే డై పైనున్న అల్యూమినియం మూత మరలు తెగి కడ్డీ పైకి లేచిపోతుంది. భుజాన్ని ఇది ముట్టుకోదు. అందుకే బాడీ డైతో జత చేస్తే బోల్ట్ రైఫిల్‌కు ఈ జంట చాలా ఏళ్లు సరిపోతుంది.

మాండ్రెల్ డై ఈ మధ్య బాగా వాడుకలోకి వచ్చింది. ఫుల్ లెంగ్త్ డైలోంచి బటన్‌ను తీసేసి, మెడను కాస్త ఎక్కువ నొక్కి, తర్వాత వేరే డైలో గట్టి కడ్డీని పై నుంచి మెడలోకి దించుతారు. బటన్ మెడను లాగుతుంది, కడ్డీ తోస్తుంది. కేసు అడుగు షెల్ హోల్డర్ మీద నిలబడి ఉండగా తోయడం వల్ల మెడ వంగే అవకాశం తక్కువ. గుండు కన్నా 2 థౌ తక్కువ కొలత ఉన్న కడ్డీతో మొదలుపెట్టడం మంచిది. ఇత్తడి కొంత వెనక్కి ముడుచుకుంటుందని గుర్తుంచుకోవాలి. ఎన్నోసార్లు కాల్చి గట్టిపడిన మెడ ఎక్కువ ముడుచుకుంటుంది. మెడలను వేడిచేసి మెత్తబరిచే అనీలింగ్ చేయకపోతే ఏ డై అయినా ఆరో వాడకంలో మొదటిసారి ఇచ్చిన పట్టును ఇవ్వలేదు.

గుండు కూర్చోబెట్టే డై

సీటింగ్ డైలో రెండు సంగతులు చూడాలి: గుండును నొక్కే కాడ దాన్ని ఎక్కడ తాకుతోంది, నొక్కేటప్పుడు కేసును ఏది పట్టి ఉంచుతోంది.

కాడ గుండు కొనను తాకకూడదు. కొనల పొడవు ఒకే డబ్బాలోనే పది థౌ దాకా మారవచ్చు. కాడ కప్పు గుండు వంపు మీద, వీలైనంత కిందికి తాకాలి. పొడవాటి సన్నటి వంపు ఉన్న వీఎల్‌డీ రకం గుండ్లకు మామూలు కాడలో కొన అడుగును తాకేస్తుంది. వాటికి లోతైన కాడ విడిగా అమ్ముతారు. కూర్చోబెట్టాక గుండు మీద గుండ్రటి గీత పడుతుంటే కాడ అంచు పదునుగా ఉన్నట్టు. సన్నటి రుద్దుడు పేస్టుతో అంచును నునుపు చేస్తే పోతుంది. తూటా పొడవును కూడా కొన నుంచి కాక, గుండు వంపు మీద కూర్చునే కంపారేటర్‌తో కొలవాలి. మొత్తం పొడవు మేగజైన్‌లో పడుతుందో లేదో చూసుకోవడానికే. .308కి శామీ గరిష్ఠం 2.810 అంగుళాలు, 6.5 క్రీడ్‌మూర్‌కు 2.825, .223కి 2.260.

ఫోర్‌స్టర్, రెడింగ్‌ల మేలురకం సీటింగ్ డైలలో స్ప్రింగు మీద కదిలే గొట్టం ఉంటుంది. గుండు మెడలోకి దిగకముందే కేసు మొత్తం ఆ గొట్టంలోకి చేరి నిటారుగా నిలుస్తుంది. మైక్రోమీటర్ తల ఉన్న డైలో ఒక్కో గీత 1 థౌ. పలు రకాల గుండ్లు మార్చి మార్చి వాడేవారికి దాని విలువ ఎక్కువ. ఒకే లోడ్‌తో ఏడాదంతా కాల్చేవారికి మామూలు మర చాలు. సన్నటి కాడలున్న డైలతో ఒక హెచ్చరిక: కేసు నిండుగా మందు పోసి గుండుతో అదిమే లోడ్లకు అవి పనికిరావు, కాడ వంగుతుంది. రెడింగ్ కూడా తన కాంపిటీషన్ డైతో అలాంటి లోడ్లు వద్దనే చెబుతుంది.

కొత్తవాళ్లు తరచుగా పాడుచేసుకునే తూటాలు ఇక్కడే. మామూలు సీటింగ్ డై లోపల క్రింప్ చేసే, అంటే కేసు మూతిని గుండు మీదికి నొక్కే మెట్టు ఉంటుంది. డైని కిందికి ఎక్కువ దించితే కేసు మూతి ఆ మెట్టుకు తగిలి, గుండులోకి దిగలేక, భుజాన్ని ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు కంటికి సరిగ్గా కనబడదు, బోల్ట్ మాత్రం మూయదు. తప్పించుకునే పద్ధతి: కాడను బాగా పైకి ఎత్తి, ఖాళీ కేసును ర్యామ్‌తో (ప్రెస్‌లో కేసును పైకి ఎత్తే కడ్డీతో) పైదాకా తీసుకెళ్లి, డై మూతిని తాకేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పి లాక్ చేయాలి. ఆ తర్వాత లోతును కాడతోనే సర్దుకోవాలి. కేసులను ట్రిమ్ చేయకపోయినా ఇదే ఉబ్బు రావచ్చు. .308 కేసు 2.015 అంగుళాలు దాటకూడదు, 2.005కు కత్తిరిస్తారు. .223కి ఆ అంకెలు 1.760, 1.750.

బోల్ట్ రైఫిల్‌కు క్రింప్ అక్కర్లేదు. గొట్టపు మేగజైన్ ఉన్న లివర్ రైఫిళ్లలో, గట్టిగా తన్నే పెద్ద వేట తూటాల్లో మాత్రం గుండు లోపలికి జరగకుండా అది అవసరం. అక్కడ కూడా గాడి ఉన్న గుండ్లనే వాడాలి. గాడి లేని గుండును మెట్టుతో నొక్కితే దాని తొడుగే నలుగుతుంది. 2019లో విన్‌చెస్టర్ తెచ్చిన .350 లెజెండ్ లాంటి నిటారు గోడల కేసులకు మూడు డైల సెట్ కావాలి, మధ్య డై మూతిని కాస్త విప్పుతుంది. ఆ తూటా ఛాంబర్‌లో ఆగేది మూతి మీదే కాబట్టి మూతిని లోపలికి మడిచే రోల్ క్రింప్ దానికి పనికిరాదు, సన్నగా నొక్కే టేపర్ క్రింప్ వాడాలి.

కొనేటప్పుడు మరిచిపోయేవి

షెల్ హోల్డర్ చాలా సెట్లలో రాదు, దాని నంబరు బ్రాండును బట్టి మారుతుంది. .308కి ఆర్‌సీబీఎస్‌లో 3, లీలో 2, హార్నడీలో 1. .223కి ఆర్‌సీబీఎస్‌లో 10, లీలో 4, హార్నడీలో 16. ఒకరి షెల్ హోల్డర్‌ను ఇంకొకరి ప్రెస్‌లో వాడొచ్చు. కానీ డై అమర్చాక దాన్ని మార్చకూడదు, ఎత్తులో రెండు మూడు థౌ తేడా ఉన్నా భుజం కొలత మారిపోతుంది. .50 బీఎంజీ లాంటి భారీ తూటాల డైలు మామూలు ప్రెస్‌లో పట్టవు, వాటి మరలు 1½-12.

లాక్ రింగు చిన్న విషయంలా కనబడుతుంది గానీ, తీసి పెట్టిన ప్రతిసారీ డై అదే చోటికి రావాలంటే అదే ఆధారం. హార్నడీ తరహా చీలిక రింగు డైని చుట్టూరా సమానంగా బిగిస్తుంది. పక్క మరతో బిగించే రింగైతే ఆ మర మొన డై మరలను కొరకకుండా, కింద ఒక చిన్న సీసపు రవ్వ వేసి బిగించాలి. లీ రింగులో రబ్బరు ఉంగరమే ఉంటుంది, అది సర్దుబాటుకు సుఖం, తీసిపెట్టడానికి కాదు. డైని ప్రెస్‌లోంచి తీసేవారు ఆ రింగును ముందే మార్చుకోవడం మేలు.

ప్రైమర్‌ను తోసే పిన్ను విషయంలో కేసును చూసి కొనాలి. చిన్న రైఫిల్ ప్రైమర్ వాడే లాపువా 6.5 క్రీడ్‌మూర్ కేసుల్లో నిప్పు రంధ్రం 1.5 మిల్లీమీటర్లే, మామూలుది 2 మిల్లీమీటర్ల పైచిలుకు. మామూలు పిన్ అక్కడ ఇరుక్కుని విరుగుతుంది, లేదా రంధ్రాన్ని చీల్చుతుంది. కొన్ని దేశాల సైనిక తూటాల్లో వాడే బెర్డాన్ కేసులకు మధ్యలో ఒక రంధ్రం బదులు పక్కలకు రెండుంటాయి, వాటి మీద ఏ డై పిన్నూ నిలవదు. కేసు లోపలికి టార్చ్ వేసి చూస్తే ముందే తెలుస్తుంది.

కొత్త డైలో తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. దాన్ని పూర్తిగా కడగకుండా వాడితే భుజాల మీద సొట్టలు పడతాయి. లూబ్ ఎక్కువ రాసినా అవే సొట్టలు, ఎందుకంటే చిక్కుకున్న నూనె నలగదు, ఇత్తడే నలుగుతుంది. తక్కువ రాస్తే కేసు డైలో ఇరుక్కుపోతుంది. వేలితో ఒంటికి పలుచగా, మెడ లోపల అతి కొద్దిగా, భుజం మీద అసలు లేకుండా రాయడం పద్ధతి. స్ప్రే రకమైతే ఆరేదాకా ఆగాలి. కార్బైడ్ రైఫిల్ డైలకు కూడా లూబ్ తప్పదు. పిస్టల్ డైలతో వచ్చిన, లూబ్ లేకుండా నొక్కే అలవాటు ఇక్కడ పనికిరాదు. సైజు అయ్యాక లూబ్‌ను తుడిచేయాలి. నూనె ఉన్న కేసు ఛాంబర్ గోడను పట్టుకోలేక బోల్ట్ మీద భారాన్ని పెంచుతుంది. కేసు ఇరుక్కుపోతే సుత్తితో కొట్టకూడదు. ముందు ప్రైమర్ పిన్ కడ్డీని పైకి తిప్పి ఎత్తి, ప్రైమర్ గుంటను డ్రిల్‌తో పెద్దది చేసి, 1/4-20 ట్యాప్‌తో మరలు వేసి, చిన్న గొట్టపు ముక్కను అడ్డుపెట్టి బోల్టుతో లాగితే వస్తుంది. ఇందుకు కావాల్సినవన్నీ ఒక సెట్‌గా దొరుకుతాయి.

ఖర్చు ఏ వరుసలో పెట్టాలంటే, ముందు క్యాలిపర్, హెడ్‌స్పేస్ కంపారేటర్, తర్వాత లీ గానీ ఆర్‌సీబీఎస్ గానీ హార్నడీ గానీ ఫుల్ లెంగ్త్ సెట్. దాంతో ఒక సీజన్ కాల్చి, రనౌట్ కొలిచి చూడాలి. మూడు థౌ లోపు ఉండి, వేట దూరాలకే వాడుతుంటే అక్కడితో ఆగిపోవచ్చు. గుండు ఊగుతుంటే ముందు బటన్‌ను సరిచేసి, అప్పటికీ చాలకపోతే ఫోర్‌స్టర్ సైజింగ్ డై గానీ మాండ్రెల్ గానీ చేర్చాలి. తర్వాతే మైక్రోమీటర్ సీటర్. బుషింగ్ డై ఒకే బ్రాండు మంచి కేసులను వంద, రెండొందలు విడిగా పెట్టుకున్నవారికి తగిన కొనుగోలు.

ప్రత్యేకంగా రీమర్‌తో తొలిచిన ఛాంబర్ ఉన్నవారికి, లేదా అడుగు దగ్గర ఏ మామూలు డై సరిపోక ‘టిక్’ మంటున్నవారికి కస్టమ్ డై తప్పదు. విడెన్, రెడింగ్ లాంటి తయారీదారులు కాల్చిన కేసులను చూసి కొలతకు తగ్గట్టు డైని చేస్తారు. పంపే కేసులు అదే రైఫిల్‌లో పూర్తి లోడ్‌తో మూడుసార్లు కాల్చినవై ఉండాలి, మధ్యలో మెడ మాత్రమే సైజు చేసి ఉండాలి, చివరిసారి కాల్చాక ఏ డైలోనూ పెట్టకూడదు. ప్రైమర్ తీయాలంటే ఒంటిని తాకని డీక్యాపింగ్ డై వాడాలి.